ఇల్లాళ్ళు తీసిన లెక్క



పరిశోధన అనగానే మనకు ఏం గుర్తొస్తుందండీ? తెల్లకోటు వేసుకున్న శాస్త్రజ్ఞుడు, గాజు సీసాలు, లావుపాటి పుస్తకాలు. అదంతా పెద్ద చదువులు చదివినవాళ్ళ పని, మనం రాసుకునేదల్లా పాల లెక్క, ఇస్త్రీ బట్టల పద్దూ అనుకుంటాం. కాని ఇల్లాళ్ళే ఇంటింటికీ తిరిగి, ఇరుగుపొరుగుల్ని అడిగి, ప్రభుత్వం కళ్ళు తెరిపించిన ఉదంతం ఒకటుంది. ఇవాళ దాన్ని గురించి చెప్పుకుందాం.

అమెరికాలో, నయాగరా జలపాతం పక్కనే నయాగరా ఫాల్స్ అని ఒక వూరు. ఆ వూళ్ళో లవ్ కెనాల్ అని ఒక పేట. పేరు చూసి మురిసిపోకండి! విలియం లవ్ అనే ఆయన 1890లలో అక్కడొక కాలువ తవ్వడం మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేశాడు. గొయ్యి అలాగే వుండిపోయింది. 1942 నుంచి 1953 దాకా హుకర్ కెమికల్ అనే కంపెనీ సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు అందులో పోసి, పైన మట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు అక్కడి స్కూలు బోర్డుకు ఇచ్చేసింది. కింద రసాయనాలు వున్నాయని దస్తావేజులో రాసే ఇచ్చింది. అయినా ఆ స్థలంలో బడి కట్టారు. చుట్టూ ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళలో చాలామందికి కింద ఏముందో తెలియనే తెలియదు.

1978లో ఆ పేటలో లోయిస్ గిబ్స్ అని 27 ఏళ్ళ ఇల్లాలు వుండేది. ఇద్దరు పిల్లల తల్లి. చదువు హైస్కూలు వరకే. కొడుకు ఆ బళ్ళో చేరిన కొన్నాళ్ళకే వాడికి మూర్ఛ రావడం మొదలైంది. బడి కింద రసాయనాలు వున్నాయని పత్రికలో చదివి ఆమె హడలిపోయింది. పిల్లవాణ్ణి వేరే బడికి మార్చమని అడిగితే అధికారులు ఒప్పుకోలేదు. సరే, నలుగురి చేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇద్దామని బయలుదేరింది. మొదటి ఇంటి తలుపు తట్టింది. ఎవరూ పలకలేదు. భయం వేసి వెనక్కి ఇంటికి వెళ్ళిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ గడప తొక్కాలంటే మనకు మాత్రం జంకు వుండదూ?

మర్నాడు ధైర్యం తెచ్చుకుని మళ్ళీ వెళ్ళింది. తలుపులు తెరుచుకున్న కొద్దీ ఆమెకు మతిపోయింది. ఒకరింట్లో గర్భస్రావాలు, ఒకరింట్లో పుట్టుకతోనే లోపమున్న బిడ్డ, ఇంకొకరింట్లో ఉబ్బసం. ఎవరికి వారే "మా ఖర్మ" అనుకుని లోలోపల కుమిలిపోతున్నారు. పక్కింట్లోనూ అదే బాధ వుందని వాళ్ళకు తెలియదు. ఒక ఇంటి కష్టం ఖర్మ అనిపించవచ్చు. పది ఇళ్ళలో అదే కష్టం వుంటే కారణం వెతకాలి కదా!

1978 ఆగస్టులో రాష్ట్ర ఆరోగ్య శాఖ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. బడి మూసేశారు. గొయ్యికి బాగా దగ్గరగా వున్న 239 కుటుంబాలను ఖాళీ చేయించి, చుట్టూ కంచె వేశారు. కంచెకు ఇవతల వున్నవాళ్ళకు మాత్రం ఏ భయమూ లేదన్నారు. లోయిస్ ఇల్లు కంచెకు ఇవతలే వుంది. కాని జబ్బులు కంచె దగ్గర ఆగలేదని ఇంటింటికీ తిరిగిన ఆమెకు తెలుసు.

ఆ పేట ఆడవాళ్ళు అప్పుడు ఏం చేశారో చూడండి. ఇంటింటికీ ఫోను చేసి, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో అడిగి రాసుకున్నారు. పేట పటం తీసుకుని, ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క గుర్తు పెట్టారు. ఒకప్పుడు అక్కడ చిన్న చిన్న వాగులు పారేవని, ఇళ్ళు కట్టేటప్పుడు వాటిని పూడ్చేశారని పాతకాపులు చెప్పారు. పాత ఫోటోలు కూడా తెచ్చి చూపించారు. ఆ వాగుల జాడలు కూడా పటం మీద గీసి చూస్తే, జబ్బులున్న ఇళ్ళు చాలావరకు ఆ జాడల వెంబడే వున్నాయి!

వంటింట్లో బిందె ఒలికిందనుకోండి. నీళ్ళు గుండ్రంగా పరుచుకోవు. బండల సందులు పట్టుకుని ఎక్కడో మూల వున్న బియ్యం బస్తా కిందికి చేరతాయి. అలాగే ఆ విషపు నీరు పాత వాగుల దారి పట్టింది. అధికారులేమో గొయ్యి నుంచి ఎంత దూరం అని కొలుస్తున్నారు. నేల ఎటు చెమ్మగా వుంటుందో అక్కడ కాపురం వున్నవాళ్ళకు తెలిసింది.

బెవర్లీ పైగెన్ అనే శాస్త్రవేత్త, పక్కనున్న బఫలో నగరంలో కాన్సరు పరిశోధనాలయంలో పని చేసే ఆవిడ, వీళ్ళకు తోడ్పడింది. ఆ లెక్కల ప్రకారం 1974 నుంచి 1978 మధ్య పుట్టిన 16 మంది పిల్లల్లో 9 మందికి పుట్టుకతోనే ఏదో ఒక లోపం వుంది. ఈ లెక్కలు తీసుకెళ్ళి చూపిస్తే ఆరోగ్య శాఖవారు ఏమన్నారో తెలుసా? ఇవి ఇల్లాళ్ళు పోగుచేసిన లెక్కలు, ఎందుకూ పనికిరావు అన్నారు!

వాళ్ళ అభ్యంతరంలో కొంత నిజం లేకపోలేదు. 16 మంది అంటే చిన్న సంఖ్య. బాధపడేవాళ్ళే లెక్క తీస్తే ఎక్కువ చేసి చెప్పుకునే అవకాశమూ వుంది. కాని అలాంటప్పుడు చేయవలసింది లెక్కను సరిచూడడం, కొట్టిపారేయడం కాదు. చివరికి ప్రభుత్వంవారు తామే ఇళ్ళను తడి నేలవీ, పొడి నేలవీ అని విడదీసి చూశారు. తడి నేల మీది ఇళ్ళలో గర్భస్రావాల వంటివి ఎక్కువగానే వున్నాయని తేలింది. 1979 ఫిబ్రవరిలో కంచె ఇవతలి గర్భిణీలను, రెండేళ్ళలోపు పిల్లలను కూడా అక్కణ్ణించి వెళ్ళమన్నారు. తక్కినవాళ్ళు మరో ఏడాదిన్నర పోరాడవలసి వచ్చింది. 1980 అక్టోబరు 1న అధ్యక్షుడు కార్టర్ స్వయంగా ఆ వూరు వచ్చి, మిగిలినవాళ్ళ ఇళ్ళు కొనే ఒప్పందం మీద సంతకం చేశారు. అదే డిసెంబరులో, ఇలాంటి విషపు దిబ్బలను శుభ్రం చేయించే సూపర్ ఫండ్ చట్టం వచ్చింది.

ఇలాంటి పనికి ప్రజా భాగస్వామ్య పరిశోధన అని పేరు. ఏ ప్రశ్న అడగాలో బాధపడేవాళ్ళే నిర్ణయిస్తారు, వివరాలు వాళ్ళే సేకరిస్తారు, ఫలితమూ వాళ్ళకే చెందుతుంది. శాస్త్రజ్ఞులు తోడుంటారు. ఈ పద్ధతికి మన దేశంలో కూడా ఆదరణ వుంది. దీనికోసమే 1982లో ఢిల్లీలో రాజేష్ టాండన్ 'ప్రియా' అనే సంస్థ స్థాపించారు.

మన దగ్గర రైతులు కూడా ఇలాంటి పనే చేశారు. 2003 నుంచి కొన్నేళ్ళపాటు అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ మొదలైన 7 జిల్లాలలో, ఆడా మగా కలిసి వాన ఎంత కురిసిందో, బోరులో నీరు ఎంత లోతున వుందో తామే కొలిచి, అందరికీ కనబడేలా గోడ మీద రాసుకున్నారు. రబీ ముందు అంతా కూర్చుని, భూమిలో వున్న నీరెంత, వేయదలచుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క చూసుకున్నారు. మనం జీతం రాగానే నెల ఖర్చు లెక్క వేసుకోమూ, అలాగన్నమాట. ఫలానా పంట వేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క కళ్ళెదుట వుండడంతో, వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారినవాళ్ళు ఎందరో.

మరి మనం చేయగలిగిందేమిటి? మీ వీధిలో పిల్లలకు తరచు విరేచనాలు పట్టుకుంటున్నాయనుకోండి. "బయటి తిండి తిన్నాడు" అని ఎవరికి వారు సరిపెట్టుకోకుండా, నలుగురు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన, ఏ ఇంట్లో, ఏ కుళాయి నీళ్ళు, కాచి తాగారా లేదా అని రాయండి. అందరినీ ఒకే ప్రశ్నలు అడగండి. జబ్బు రాని ఇళ్ళు కూడా తప్పకుండా రాయండి, లేకపోతే పోల్చి చూడడానికి వుండదు. ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో చెప్పకండి, ఇంకోసారి ఎవరూ తలుపు తీయరు! మురుగుకాలువ ఎటు పారుతోంది, మంచినీటి గొట్టం దాన్ని ఎక్కడ దాటుతోంది అని వీధి పటం గీసుకోండి. పిల్లలకు వైద్యం ఆపకండి, నీళ్ళు కాచి తాగండి. ఆ పుస్తకం ముందు ఒక డాక్టరుగారికి చూపించి, తరవాత నీళ్ళు పరీక్ష చేయించమని మునిసిపాలిటీవారికి అర్జీతో పాటు ఇవ్వండి. "నీళ్ళు బాగుండడం లేదండీ" అంటే "చూస్తాంలెండి" అంటారు. ఫలానా తేదీ నుంచి ఫలానా ఇళ్ళలో అని పటం పరిస్తే అలా అనడం కాస్త కష్టం.

మొదటి ఇంట్లో ఎవరూ పలకకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళండి. లోయిస్ గిబ్స్ చేసింది అదే. ఈ పూటకు సెలవు.