జగిత్యాల ఎండల్లో ఎలక్ట్రిక్ కారుకు ఏ టైరు?

సమ్మర్ టైరుకూ ఆల్ సీజన్ టైరుకూ ఉన్న తేడా ముఖ్యంగా రబ్బరులో ఉంటుంది. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు, గంధకం కలిపి వేడిమీద బిగించిన మిశ్రమంతో టైరు తయారవుతుంది. అందులో ఏది ఎంత పాళ్లలో పడిందన్నదాన్ని బట్టి ఆ టైరు ఎంత వేడికి మెత్తబడుతుందో, ఎంత చలికి బిగుసుకుపోతుందో తేలుతుంది. సమ్మర్ టైరు వేడి రోడ్డు మీద కూడా సడలకుండా నిలుస్తుంది. గాలి ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే మాత్రం గట్టిపడిపోయి రోడ్డును పట్టుకోలేదు. ఆల్ సీజన్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని బటన్ల మీద, అంటే రోడ్డును తాకే రబ్బరు ముక్కల మీద, సన్నని చీలికలు ఎక్కువగా కోస్తారు. పలుచని మంచు మీద పట్టు దొరికేది ఆ చీలికల అంచులతోనే. అయితే అవే చీలికల వల్ల వేడి రోడ్డు మీద బటన్లు అటూ ఇటూ కదులుతాయి. టైరు తొందరగా అరుగుతుంది, బ్రేకు వేశాక బండి ఆగే దూరం కొంచెం పెరుగుతుంది.

ఆల్ సీజన్ అన్న పేరు అమెరికాలో జనంలోకి వెళ్లింది. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో పేరుతో ఆల్ సీజన్ రేడియల్ టైరును అమ్మకానికి పెట్టింది. ఏటా మంచు పడే ముందు ఒకసారి, మంచు పోయాక మరోసారి టైర్లు మార్చుకునే బాధ తప్పించడం దాని ఉద్దేశం. అంటే ఆ పేరులోని సీజన్ల లెక్కలో మంచుకాలం ఉంది, రోహిణి కార్తె లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో కొత్త కారు కొనేవాళ్లు ఈ పేరును చదవాల్సింది అలాగే. అన్ని కాలాలకూ పనికొస్తుందంటే మన అన్ని కాలాలకూ అదే మేలైనదని అర్థం కాదు.

ఉత్తర తెలంగాణలో మే నెల ఎండ 46 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ ఎండకు తారు రోడ్డు గాలికంటే ఎంతో ఎక్కువగా కాలుతుంది, మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటుతుంది. చలికాలం తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గరికి దిగినా ఎండెక్కేసరికి ఆ చలి ఉండదు. అరుదుగా ఇంకా దిగినా మంచు గడ్డకట్టే మాటే లేదు. కాబట్టి ఈ మూడు పట్టణాల్లో చలి కోసం రబ్బరు ఎంచుకోవాల్సిన పని లేదు. ఇక్కడి షాపుల్లో దొరికే కార్ల టైర్లలో ఎక్కువభాగం వేడికీ వానకూ తయారుచేసినవే. దుకాణదారు వాటిని సమ్మర్ అని పిలవడు, అన్ని కాలాలకూ ఇవే నడుస్తాయంటాడు. ఆ మాట అబద్ధం కాదు. ఇతర దేశాల నుంచి వచ్చే కొన్ని ఖరీదైన టైర్ల మీద మాత్రం ఆల్ సీజన్ అన్న పేరు, ఎం ప్లస్ ఎస్ గుర్తు కనిపిస్తాయి. బురదకూ మంచుకూ పనికొస్తుందని ఆ గుర్తు చెబుతుంది. అంతకంటే కఠినమైన పరీక్ష దాటిన టైరు మీద మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచురేకు బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మ కోసం జగిత్యాలలో అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

ఇదే ప్రాంతం నుంచి వెళ్లి పరాయి దేశంలో ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొన్నవాళ్ల లెక్క వేరు. కోరుట్ల మనిషి దుబాయ్‌లో ఉంటే ఊళ్లో వేసే రకం టైరే అక్కడా సరిపోతుంది. డాలస్‌లో ఏడాదిలో చాలా భాగం వేడే కాబట్టి, ఎప్పుడో ఒకటి రెండు రోజులు కురిసే మంచు కోసం ఆల్ సీజన్ చాలు. షికాగోలో, న్యూజెర్సీలో సమ్మర్ టైర్లతో జనవరి దాటడం ప్రమాదం. జర్మనీలో రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు తగిన టైర్లు లేకుండా నడపడం నిషేధం. 2024 అక్టోబర్ నుంచి అక్కడ ఎం ప్లస్ ఎస్ గుర్తు ఒక్కటే ఉంటే ఒప్పుకోవడం లేదు, కొండా మంచురేకు బొమ్మ ఉండి తీరాలి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. అక్కడున్న కొడుకు చెప్పిన సలహాను ఇక్కడున్న తండ్రి తన కారుకు పాటిస్తే లాభం లేనిది అందుకే.

ఇక మన రోడ్ల మీది ఈవీ సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబర్ 31 వరకు అమలయ్యేలా ఇచ్చిన ఆ వెసులుబాటుతో పెట్రోలు కారు కొందామనుకున్నవాళ్లు కూడా ఈవీ వైపు చూశారు. పెట్రోలు కారుకు అలవాటైనవాళ్లు టైరు విషయంలో కొత్తగా తెలుసుకోవాల్సింది ముందుగా బరువు. పెద్ద కార్లలో బ్యాటరీ ఒక్కటే 300 కిలోలు దాటుతుంది. పైగా మోటారు పెడల్ తొక్కిన క్షణంలోనే పూర్తి బలంతో లాగుతుంది. ఇంజిన్ చప్పుడు లేనందువల్ల టైరు రొద చెవికి సూటిగా తగులుతుంది. ఇంకొకటి, టైరు దొర్లేటప్పుడు రబ్బరు నలిగి వృథా అయ్యే శక్తి. పెట్రోలు కారులో శక్తిలో ఎక్కువభాగం ఇంజిన్ వేడిగానే పోతుంది కాబట్టి ఈ నష్టం కంటికి ఆనదు. ఈవీలో వృథా తక్కువ, అందుకే టైరు మింగేది లెక్కలోకి వస్తుంది. ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు వెళుతుందన్నది టైరు మారితే మారుతుంది.

దీనికోసం కంపెనీలు ప్రత్యేకంగా ఈవీ టైర్లు తెచ్చాయి. అపోలో కంపెనీ 2022లో ఆంపెరియాన్ పేరుతో ఈవీ కార్ల టైర్లను విడుదల చేసింది. ఆ కంపెనీకి ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో కార్ఖానా ఉంది. ఎంఆర్ఎఫ్ కార్ఖానా ఒకటి సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఉంది. అయితే పక్కన ఈవీ అన్న అక్షరాలు చూసి అంతా సరిపోయిందనుకోకూడదు. అసలు చూడాల్సినవి టైరు గోడ మీద అచ్చుపోసిన అంకెలు.

నెక్సాన్ ఈవీకి వేసే కొలత 215/60 ఆర్16. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, ఆర్ అంటే రేడియల్, డిస్కు వ్యాసం 16 అంగుళాలు. దాని పక్కనే 95హెచ్ లాంటి గుర్తు ఉంటుంది. 95 అంటే ఆ టైరు మోయగలిగే బరువు 690 కిలోలు, 91 అంటే 615 కిలోలే. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. కొలత ఒకటే అయినా ఈ బరువు సంఖ్య తగ్గిన టైరు కొంచెం చవకగా దొరకవచ్చు. ఈవీకి దాన్ని వేయించడం తప్పు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను దింపడానికి కోరుట్ల నుంచి శంషాబాద్‌కు రాత్రిపూట బయలుదేరే కారును తలుచుకుంటే చాలు. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సూట్‌కేసులు, పచ్చళ్ల డబ్బాలు, ముందు 200 కిలోమీటర్లకు పైగా దారి. బరువు సంఖ్య కంపెనీ చెప్పినంత లేదా అంతకంటే ఎక్కువే ఉండాలి, తగ్గకూడదు. ఎక్స్ఎల్ అన్న గుర్తు ఉంటే అదనపు బరువుకు గట్టిచేసిన టైరని అర్థం.

ఎండ తర్వాత అసలు పరీక్ష వానది. చాలామంది టైరు ఎంపికను ఎండతోనే ముడిపెడతారు గానీ ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా తడి రోడ్డు మీదే. రోడ్డు మీద 2 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచాయనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ 215 వెడల్పు టైరు ఒక్కటే సెకనుకు 9 లీటర్లకు పైగా నీటిని పక్కకు తోయాలి, అంటే అర బిందెకు పైనే. ఆ నీళ్లు పోయే దారులే టైరు గాడులు. గాడులు లోతుగా ఉంటే రబ్బరు రోడ్డును తాకుతుంది, అరిగిపోతే బండి నీటి పొర మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా తిరగదు. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడి అడుగున అక్కడక్కడ ఉండే చిన్న రబ్బరు దిమ్మలు బటన్లతో సమానమయ్యాయంటే ఆ గీటు వచ్చేసినట్టే. మృగశిర వానలకు ముందే 3 మిల్లీమీటర్ల దగ్గర మార్చుకోవడం మంచిది. గుండు టైరుతో ఇంకో రెండు నెలలు లాగుదామనుకోవడం వేసవిలో చెల్లవచ్చు, జులైలో చెల్లదు.

ఈ ప్రాంతపు తడికి ఇంకో రూపం ఉంది. నాట్ల రోజుల్లో కేజీవీల్స్ కట్టిన ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కుతాయి. వాటి నుంచి రాలిన రేగడి బురద తారు మీద పరుచుకుంటుంది. ఎండినప్పుడు అది గట్టి పెళ్లలుగా ఉండి చప్పుడు చేస్తుంది, నాలుగు చినుకులు పడగానే సబ్బులా జారుతుంది. కోరుట్ల, జగిత్యాల మీదుగా వెళ్లే 63వ జాతీయ రహదారి పక్కన కూడా ఇది కనిపిస్తుంది. ఎంత మంచి టైరైనా ఆ మట్టి మీద పట్టు ఇవ్వదు, వేగం తగ్గించడమొక్కటే దారి. ఈవీ బరువుకు అది మరీ అవసరం.

తడిపట్టును కొనేముందే అడిగి తెలుసుకోవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం కార్ల టైర్లకు దొర్లుడు నిరోధం, తడి రోడ్డు పట్టు, శబ్దం విషయంలో ప్రమాణాలు తప్పనిసరి చేసింది. ఈ మూడింటిలో మొదటి రెండూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. తేలిగ్గా దొర్లే రబ్బరు తడిలో జారే ప్రమాదం ఉంది, గట్టిగా పట్టే రబ్బరు చార్జింగ్ తింటుంది. సిలికా ఎక్కువగా వాడిన మిశ్రమాలతో ఈ పేచీ చాలావరకు తీరింది గానీ పూర్తిగా పోలేదు. రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే వదులుకోవాల్సింది చార్జింగ్‌లో కొన్ని కిలోమీటర్లే. కొండగట్టు ఘాట్‌లో వానలో దిగే కారుకు ఆ కిలోమీటర్లతో పనిలేదు. అక్కడ పెడల్ వదలగానే మోటారే బ్రేకులా పనిచేస్తుంది. ఆ బ్రేకు బలమంతా ముందు చక్రాలు నడిచే కార్లలో ముందు టైర్ల మీదే పడుతుంది.

గాలి విషయంలో ఒక తప్పుడు నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తక్కువ కొట్టిస్తారు. జరిగేది దానికి విరుద్ధం. గాలి తగ్గిన టైరు గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి, ఆ నలుగుడుకే వేడి పుట్టి టైరు పేలేది. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగితే టైరులో పీడనం 1 పీఎస్ఐ పెరుగుతుంది. తెల్లవారి 15 డిగ్రీల చలిలో 33 కొట్టించిన టైరు 45 డిగ్రీల వేడికి 38 చూపిస్తుంది. ఆ పెరుగుదల టైరు తయారీలో లెక్కగట్టిందే, దాన్ని వదిలించకూడదు. పొద్దున బండి కదలకముందు డ్రైవర్ డోరు పక్కన ఉన్న స్టిక్కరు చూసి అంతే కొట్టించాలి, రెండు వారాలకోసారి చూసుకోవాలి. కొన్ని ఈవీల్లో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. టైరు నడుమ మేకు దిగితే అది పనికొస్తుంది, గోడ చీలితే పనికిరాదు. కొనేటప్పుడే డిక్కీ తెరిచి చూసుకోవాలి.

బరువు వల్లా మోటారు లాగుడు వల్లా ఈవీ టైర్లు పెట్రోలు కారు టైర్లకంటే ముందే అరుగుతాయి. అరుగుదల నాలుగింటికీ సమంగా పంచడానికి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాలి. అలైన్‌మెంట్ కూడా అప్పుడే చూపించుకోవచ్చు. కొత్త టైరు కొనేముందు గోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. రెండేళ్లు గోదాములో ఎండిన టైరును తగ్గింపు ధరకు ఇస్తామంటే తీసుకోకపోవడం మేలు.

నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేక రెండే కొనేవాళ్లు కొత్తవాటిని ముందుకు వేయించుకుంటారు, స్టీరింగ్ అక్కడే ఉంది కదా అని. కొత్తవి వెళ్లాల్సింది వెనక్కి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, పెడల్ వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే బండి చుట్టు తిరుగుతుంది, దాన్ని నిలబెట్టడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.