భూస్థాయి ఓజోన్ – పైరుకు కనిపించని నష్టం

ఓజోన్ అనగానే అతినీలలోహిత కిరణాల నుండి జీవకోటిని కాపాడే కవచం గుర్తుకు వస్తుంది. స్ట్రాటో ఆవరణంలోని ఓజోన్ విషయంలో ఇది నిజం. అదే వాయువు నేలకు దగ్గరగా, పైరు శ్వాసించే గాలిలో చేరినప్పుడు పంటకు హాని చేస్తుంది.

భూస్థాయి ఓజోన్ ఏ పొగగొట్టం నుండీ నేరుగా వెలువడదు. వాహనాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు, పంట వ్యర్థాల దహనం వలన విడుదలయ్యే నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలోని కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఇతర ఆవిరి కర్బన పదార్థాలతో కలిసి, సూర్యరశ్మి సమక్షంలో జరిగే రసాయన చర్యల ద్వారా దీనిని ఏర్పరుస్తాయి. నగరాలలో అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ కొంత ఓజోన్‌ను హరిస్తుంది. అందువలన గాలివాటున ఉన్న పల్లెలలో దీని గాఢత తరచుగా నగరం కంటే ఎక్కువగా ఉంటుంది.

పత్రరంధ్రాల ద్వారా ఆకులోనికి ప్రవేశించిన ఓజోన్, కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. రూబిస్కో ఎంజైమ్ తగ్గి, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ఆకులు ముందుగానే పండి, గింజ పాలు పోసుకునే కాలం కుదించుకుపోతుంది. చాలాసార్లు ఆకుపై మచ్చలైనా కనబడవు. అందువలన దిగుబడి తగ్గితే నింద విత్తనం మీదకో, ఎరువు మీదకో పోతుంది. గోధుమ, సోయాచిక్కుడు ఎక్కువగా, వరి, మొక్కజొన్న ఒక మోస్తరుగా దెబ్బతింటాయి. బార్లీ తట్టుకొంటుంది.

ఈ సమస్యను ప్రపంచ స్థాయిలో అంచనా వేయుటకు, 1990లో ఏర్పడిన అంతర్జాతీయ వాతావరణ రసాయనశాస్త్ర సమాఖ్య 'ఐగాక్' 2014లో ట్రోపో ఆవరణ ఓజోన్ మదింపును ప్రారంభించింది. వేలాది కేంద్రాల కొలతలను జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఒకేచోట చేర్చి, 2017 నుండి ఫలితాలను ప్రచురించారు. ఉత్తర అమెరికా, ఐరోపాలలోని అనేక ప్రాంతాలలో పైరుకు హానిచేసే మోతాదు తగ్గగా, తూర్పు ఆసియాలో పెరుగుదల కనబడింది. దక్షిణాసియా, ఆఫ్రికాలలో దీర్ఘకాలిక కొలతలు చాలా తక్కువ.

కొలమానం విషయంలోనూ జాగ్రత్త అవసరం. గాలిలో ఓజోన్ 40 పి.పి.బి. దాటిన మేరకు పగటి గంటలలోని అధిక మొత్తాన్ని కూడటం ఒక పద్ధతి. ఐరోపాలో గోధుమకు మూడు నెలలలో ఇది 3,000 పి.పి.బి.-గంటలు చేరితే సుమారు 5 శాతం దిగుబడి నష్టంగా లెక్కిస్తారు. కాని గాలిలో ఉన్నదంతా ఆకులోనికి పోదు. బెట్టకు గురైన పైరు రంధ్రాలను మూసుకొని తక్కువగా గ్రహిస్తుంది. బాగా నీరు పెట్టిన పైరు ఎక్కువగా గ్రహిస్తుంది. కనుక ఆకులోనికి చేరిన మోతాదును లెక్కించే పద్ధతి మరింత సమంజసం.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో స్పష్టమైన సూచన ఉంది. ఖరీఫ్‌లో మేఘాలు, వానలు ఓజోన్‌ను అణచి ఉంచుతాయి. రబీలోని నిర్మలమైన ఎండ దానికి అనుకూలం. ఆ కాలంలో నీటి వసతి క్రింద సాగయ్యే వేరుశనగ, మొక్కజొన్న, పప్పుధాన్యాలు రంధ్రాలు తెరచి ఉంచుతాయి. గాదంకి, అనంతపురాలలో భూస్థాయి ఓజోన్‌పై పరిశీలనలు జరిగాయి. అయితే పైరు నష్టం తెలియాలంటే పరిశోధన క్షేత్రాలలో, మడుల ప్రక్కనే కొలతలు తీసుకోవాలి. ఓజోన్ ప్రభావం నుండి మొక్కను కాపాడే ఎథిలీన్ డైయూరియాను కొన్ని మడులకు ఇచ్చి, ఇవ్వని మడులతో పోల్చి రకాల తట్టుకొనే శక్తిని అంచనా వేయవచ్చును. ఇది పరిశోధన సాధనమే గాని రైతులకు సిఫారసు చేసే మందు కాదు.

రైతు స్థాయిలో వరి గడ్డిని, మొక్కజొన్న చొప్పను తగులబెట్టకుండా పశుగ్రాసంగానో, కంపోస్టుగానో వాడటం తక్షణం చేయదగిన పని. వరిలో నీటిని మార్చిమార్చి ఆరబెట్టడం వలన మీథేన్ తగ్గుతుంది. మీథేన్ గాలిలో ఏళ్ల తరబడి నిలిచి ప్రపంచమంతటా వ్యాపిస్తుంది గనుక ఆ మేలు ఒక్క పొలానికి పరిమితం కాదు, వెంటనే కనబడదు కూడా. అయితే ఆదా అయిన నీరు మాత్రం ఆ రైతుకే దక్కుతుంది.