సినిమా సంగీతము కూర్చగోరు కుర్రవాడు – వాద్యగాండ్ర చెలిమి



మన పల్లెలలో నేడొక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. "మా మనుమడు చక్కగా పాడును, హార్మోనియము వాయించును, తానే వరుసలు కట్టును. సినిమాలకు సంగీత దర్శకుడ నగుదునని పట్టుపట్టి కూర్చున్నాడు. పంపుదుమా, మానుదుమా?" అని పెద్దలు నన్ను అడుగుచుందురు. నేను బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను గాని సినిమావాడను గాను. అయినను నా శిష్యులలో కొందరు ఆ త్రోవను నడచుట చూచితిని. సంగీతశాస్త్ర గ్రంథములతో నాకు కొంత పరిచయము గలదు. కావున నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను. పంపుటయో మానుటయో మీ యింటి విషయము. పంపదలచినచో ఆ పిల్లవాడు దేనితో మొదలుపెట్టవలయును, మీరు దేనికి ధనము వెచ్చింపవలయును, దేనికి వెచ్చింపరాదు అనునదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగా సంగీత దర్శకుడు చేయు పని యేమియో తెలిసికొందము. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున గేయమునకు రెండంగములు చెప్పబడినవి. మాటల కూర్పునకు మాతువనియు, స్వరముల కూర్పునకు ధాతువనియు పేరు. రెండును తానే చేయగలవాడు వాగ్గేయకారుడు. సినిమాలో మాతువు కవి చేతిది. ధాతువు సంగీత దర్శకునిది. పెక్కుమంది కుర్రవాండ్రు ఇంతటితో పని ముగిసెనని తలంతురు. ముగియలేదు. ఆ వరుసను ఏ వాద్యములపై, ఏ శ్రుతిలో, ఎంత వేగమున పలికింపవలయునో నిర్ణయించుట రెండవ పని. మాటలులేని ఘట్టములలో కథకు తగిన నేపథ్య సంగీతము నందించుట మూడవ పని.

వరుస వేరు, వాద్యముల కూర్పు వేరు అనుటకు మనమందరము ఎరిగిన నిదర్శన మొకటి గలదు. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమునకు కొన్ని పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిరి. తరువాత ఆ చిత్రమును చేపట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ వరుసలకు వాద్యములను కూర్చి, ధ్వనిముద్రణము జరిపించి, తక్కిన సంగీతమును తామే సమకూర్చిరి. ఒకరి విత్తనము మరియొకరి సేద్యమున పండినది.

నేపథ్య సంగీతములో లెక్క యెక్కువ. సినిమా ఫిలిములో సెకండునకు 24 బొమ్మలు కదలును. నిమిషమునకు 80 దెబ్బల వేగమున ఆదితాళము వేసినచో, ఎనిమిది దెబ్బల ఆవర్తమునకు సరిగా 6 సెకండ్లు పట్టును. ఘట్టము 30 సెకండ్లైనచో ఐదావర్తములలో సంగీతము ముగియవలయును. ఆరవ ఆవర్తమునకు తావు లేదు. కచేరీలో విద్వాంసుడు తన మనోధర్మము కొలది రాగమును పెంచవచ్చును. ఇచ్చట బొమ్మ ఆగదు. కావున మీ మనుమడు తాళము వేయుటయే కాక గడియారముతో తాళమును కొలుచుట నేర్వవలయును.

ఇక అసలు విషయమునకు వత్తును. వరుస కట్టుటకు ఒక్కడు చాలును. దానిని వినిపించుటకు పదిమంది కావలయును. ఇదియు క్రొత్త మాట గాదు. భరతుని నాట్యశాస్త్రము వాద్యములను నాలుగు తెగలుగా విభజించినది: వీణవంటి తంత్రులు గలవి తతములు, వేణువువలె గాలితో మ్రోగునవి సుషిరములు, మృదంగమువలె చర్మము మూసినవి అవనద్ధములు, తాళములవంటి లోహపు వాద్యములు ఘనములు. నాటకమునకు గాయకులును వాద్యగాండ్రును కలసి కూర్చుండు మేళమునకు కుతపమని పేరు. నేటి ఆర్కెస్ట్రా అనునది ఆ కుతపమునకు జ్ఞాతియే. ఈ నాలుగు తెగలలో ప్రతిదాని స్వభావమును దాని వాద్యగానినుండియే తెలిసికొనవలయును, పుస్తకము చాలదు.

ఇందుకు నేను కన్నులార చూచిన దొకటి చెప్పెదను. నా శిష్యు డొకడు ఊరి నాటకమునకు పాట కట్టెను. పాడునది బాలిక, ఆమె కంఠమునకు ఐదు శ్రుతి అనుకూలము. పెండ్లి ఘట్టము గనుక నాదస్వరము కావలయునని కోవెల విద్వాంసుని పిలిచెను. ఆయన నాదస్వరమో రెండు శ్రుతిది. హార్మోనియము వలె మెట్టు మార్చి వాయించుటకు అది వీలుపడదు. కుర్రవాడు దిగులుపడి, పాటను దించుదునా, నాదస్వరమును మానుదునా యని తర్కించుకొనుచుండగా ఆ వృద్ధుడు నవ్వి, "అబ్బాయీ, నా మధ్యమమును నీ షడ్జముగా పెట్టుకో. నేను మధ్యమశ్రుతిలో వాయించెదను" అనెను. రెండు శ్రుతికి శుద్ధమధ్యమము సరిగా ఐదు శ్రుతియే కదా! పాట పొందికగా కుదిరెను. ఆ కుర్రవాడు ఆరునెలలు గ్రంథములు తిరగవేసినను అలవడని విషయము ఒక్క పూటలో అలవడెను. వేణువు వాయించువాడు సంచినిండ వేణువు లేల మోయుచుండునో కూడ వాడు అప్పుడే గ్రహించెను: ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్కటి.

"వాద్యగాండ్రు ఎచ్చట దొరకుదురు?" అని మీ రడుగవచ్చును. మొదట మీ యూరిలోనే వెదకుడు. భజన గోష్ఠిలో మృదంగము వాయించువాడు, కోవెల నాదస్వర విద్వాంసుడు, పెండ్లి బ్యాండులో క్లారినెట్టు ఊదువాడు, చర్చిలో కీబోర్డు వాయించు పిల్లవాడు, పౌరాణిక నాటకములకు హార్మోనియము పట్టు పెద్దాయన, జాతరలో డప్పు కొట్టు కళాకారుడు – వీరందరు వాద్యవిద్యను జీవనముగానో భక్తిగానో చేసికొన్నవారు. కులభేదము, మతభేదము పాటించు కుర్రవాడు ఈ పనికి పనికిరాడు. మంచి లయ ఏ వాడలోనున్నను అచ్చటికి నడచి పోవలయును.

పిమ్మట పట్టణములకు పోవచ్చును. విజయనగరమున 1919లో నెలకొల్పబడిన మహారాజావారి సంగీత కళాశాల గలదు. విజయవాడలోను, హైదరాబాదు రాంకోటిలోను ప్రభుత్వ సంగీత కళాశాలలు గలవు. అచ్చట చదువు విద్యార్థులకు మీ మనుమని వయస్సే యుండును. వారును అవకాశమునకై ఎదురుచూచువారే. ఆకాశవాణి గాయకులను, వాద్యగాండ్రను పరీక్షించి శ్రేణు లిచ్చుచుండును. శ్రేణి పొందినవారికి శ్రుతిశుద్ధి, లయశుద్ధి గలవని నమ్మవచ్చును. తొలుత నలుగురు చాలుదురు: పాడువా డొకడు, లయకు ఒకడు, తంత్రీవాద్యమున కొకడు, గాలివాద్యమున కొకడు. నలుగురితో పొందిక కుదుర్చలేనివాడు నలుబదిమందితో కుదుర్చలేడు.

పెద్దవారందరు ఈ త్రోవనే వచ్చిరి. ఘంటసాలగారు 1922లో కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరము చేరి, మధుకరమెత్తి భుజించుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద విద్య నభ్యసించిరి. మదరాసు చేరినపిదప వెంటనే దర్శకులు కాలేదు. బృందగానములలో గొంతు కలిపిరి, చిన్న వేషములు వేసిరి. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములతో సంగీత దర్శకులుగా పేరొందిరి.

తమిళదేశమున పణ్ణైపురమను పల్లెలో పుట్టిన ఇళయరాజాగారు అన్నగారి బృందముతో ఊరూర తిరిగి వాయించిరి. మదరాసులో ధనరాజ్ మాస్టారి యొద్ద పాశ్చాత్య స్వరలిపి నేర్చిరి, జి.కె. వెంకటేశ్ గారి యొద్ద సహాయకులుగా పనిచేసిరి. ఆ పిదపనే 1976లో అన్నక్కిళి చిత్రము లభించెను. ఏ.ఆర్. రహమాన్ గారికి తొమ్మిదేండ్ల ప్రాయమున, 1976లో, తండ్రి ఆర్.కె. శేఖర్ గతించెను. ఆ తండ్రి వాద్యపరికరములను అద్దె కిచ్చుకొని ఆ కుటుంబము బ్రతికెను. పిల్లవాడు ఇతర దర్శకులకు కీబోర్డు వాయించి, వ్యాపార ప్రకటనలకు సంగీతము కట్టి, 1992లో రోజా చిత్రముతో వెలుగులోనికి వచ్చెను. మన కీరవాణిగారు చక్రవర్తిగారి యొద్ద సహాయకులుగా నుండి, 1990లో మనసు మమత చిత్రముతో దర్శకులైరి. 2023లో ఆర్ఆర్ఆర్ చిత్రములోని పాటకు ఆస్కారు బహుమానము నందుకొనిరి. నడుమ ముప్పది మూడేండ్లు గడచినవి. వీరిలో ఒక్కరును తిన్నగా దర్శకుని పీఠ మెక్కలేదు. అందరును మొదట మరియొకరి మేళములో కూర్చుండిరి. వాద్యగాండ్రతో చెలిమి వారికి అచ్చటనే దొరకెను.

ఈ చెలిమిని నిలుపుకొనుటకు కొన్ని మర్యాదలు గలవు. పాటను స్వరపరచి ముందుగా వాద్యగానికి పంపవలయును. శ్రుతి, తాళము, వేగము స్పష్టముగా వ్రాయవలయును. కర్ణాటక పద్ధతి నెరిగినవానికి సరిగమలలోను, వయొలిన్ బృందమువారికి పాశ్చాత్య లిపిలోను వ్రాసి యిచ్చుట మేలు. రమ్మన్న వేళకే పని మొదలుపెట్టవలయును. భోజన మడుగవలయును. కూలి ఎంతయో ముందే చెప్పి, పని ముగిసిన నాడే చేతిలో పెట్టవలయును. "ఇది తొలి ప్రయత్నము, పేరు వచ్చును గదా, ఊరక వాయింపుడు" అని యడుగుట తగదు. పేరు వచ్చునది కుర్రవానికి, శ్రమ వాద్యగానిది. చిత్తూరు సీమలో జన్మించిన సంగీత దర్శకులు ఎం.బి. శ్రీనివాసన్ గారు మదరాసులో సినిమా వాద్యగాండ్ర సంఘమును స్థాపించినది ఇట్టి న్యాయము కొరకే.

"కంప్యూటరే సకల వాద్యములను పలుకుచుండగా మనుష్యు లేల?" అని కుర్రవాండ్రు వాదింతురు. అందు కొంత సత్యము గలదు. వయొలిన్ మొదలు వీణవరకు ధ్వనులన్నియు యంత్రములో ముందే నిక్షేపింపబడి యుండును. మీట నొక్కినంతనే పలుకును. ధనము లేని కుర్రవానికి, దర్శకునకు నమూనా వినిపించుటకు అది మిక్కిలి యుపకారి. చెన్నపట్టణమున నున్న వేణు విద్వాంసుడు తన యింటనే వాయించి హైదరాబాదునకు క్షణములో పంపుటయు దానివలననే సాధ్యమైనది. కాని తోడిలోని గాంధారము ఊగు తీరును యంత్రముపై పలికించుటకు కూడ, దానిని వీణపైనో కంఠముతోనో విని యెరిగిన చెవి కావలయును. ఆ చెవి వాద్యగాండ్ర సరసను కూర్చున్నగాని రాదు.

ఇక ధనము మాట. ఇది మిగుల ముఖ్యము. "ఇంత సొమ్ము ఇచ్చినచో మీవానికి చిత్రములో అవకాశ మిప్పింతును" అని వచ్చు మధ్యవర్తులు గలరు. నా శిష్యు డొకని తండ్రి అట్టివాని మాట నమ్మి అరయెకరము పొలమమ్మి యిచ్చెను. చిత్రము వెలువడలేదు, సొమ్ము మరలలేదు, పిల్లవాడు సిగ్గుచే రెండేండ్లు ఊరి మొగము చూడలేదు. పని చేయువానికి కూలి యిత్తురు గాని, పని చేయువాని యొద్దనే కూలి పుచ్చుకొను వృత్తి లోకమున ఎచ్చటనైన గలదా? అవకాశమును కొనుటకు ఒక్క రూపాయియు నీయకుడు. అదే సొమ్ముతో గురువునకు వేతన మిండు. మంచి కీబోర్డు నొకటి కొనిపెట్టుడు. నలుగురు వాద్యగాండ్రకు ఒక దినపు కూలి యిచ్చి ఒక పాటను చక్కగా ముద్రింపించుడు. ఆ పాటయే దర్శకుల ముందర పిల్లవాని పక్షమున సాక్ష్యము పలుకును. చిత్రము దొరకకున్నను ఆ విద్య వాని చేతిలో నిలుచును. వాద్యగాడుగానో, ఉపాధ్యాయుడుగానో బ్రతుకగలడు.

ఒడంబడికపై చేవ్రాలు చేయుటకు ముందు చదివించి వినుడు. 1957 నాటి కాపీరైటు చట్టము 2012లో సవరింపబడినది. చిత్రముతోపాటు సినిమాహాలులో వినిపించుట గాక, ఇతర విధముల పాటను వాడుకొనినపుడు వచ్చు రాయల్టీలో కవికిని, సంగీతకర్తకును సమభాగపు హక్కు గలదు. ఆ హక్కును వారసులకు గాని, వసూలు చేసి పంచి పెట్టు హక్కుదారుల సంఘమునకు గాని తప్ప మరియొకరికి వ్రాసి యిచ్చుటను చట్టము సమ్మతింపదు. "హక్కులన్నియు మాకే" యని వ్రాసియున్న కాగితము కనబడినచో న్యాయవాదికి చూపుడు.

పెద్దలారా! మీ మనుమడు వరుసలు కట్టుచున్నాడని మురియుట సహజమే. ఇకమీదట వాని పాట వినునపుడు ఒక ప్రశ్న యడుగుడు: "నాయనా, నీతో కూర్చుండి వాయించువా రెవరు?" నలుగురి పేర్లు చెప్పి, వారి వాద్యముల గుణము చెప్పి, వారికి బాకీ లేదని చెప్పగలిగినచో వాడు ప్రయాణమునకు సిద్ధమైనాడని తెలిసికొనుడు. చెప్పలేనిచో ఈ యేడు పట్నపు బండి ఎక్కింపకుడు. ముందుగా కోవెల నాదస్వర విద్వాంసుని యింటికి పంపుడు.