'చూస్తే' ఎలక్ట్రాన్ మారిపోతుందా? డబుల్ స్లిట్ ప్రయోగంపై వైరల్ వీడియోలు చెప్పని అసలు సంగతి ఇదీ!

రామచంద్రపురం: ఆ వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. గోడకి రెండు సన్నని చీలికలు. వాటి మీదకి ఎలక్ట్రాన్లు వదులుతారు. ఎవరూ చూడనప్పుడు అవి అలల్లా ప్రవర్తిస్తాయి. పక్కన ఒక పెద్ద కన్ను బొమ్మ పెట్టగానే బుద్ధిగా గోళీకాయల్లా మారిపోతాయి. వెనకాల భయపెట్టే మ్యూజిక్. చివర్లో ఒక డైలాగ్.. "మీ మనసే ఈ విశ్వాన్ని సృష్టిస్తోంది!"

కోనసీమ జిల్లా రామచంద్రపురంలో ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ చదివే స్టూడెంట్‌కి ఇదే ప్రయోగం తరంగ దృశాశాస్త్రం పాఠంలో 'యంగ్ జంట చీలికల ప్రయోగం' పేరుతో ఉంటుంది. పుస్తకంలో సూత్రం, లెక్క. ఫోన్‌లో మాయ, మంత్రం. రెండూ ఒకే ప్రయోగమని చాలామందికి తట్టదు. ఈ గందరగోళాన్నే పెట్టుబడిగా పెట్టి 'క్వాంటమ్ హీలింగ్' అంటూ జబ్బులు నయం చేస్తామనే వాళ్లూ తయారయ్యారు. మరి ఆ 'చూడటం' అంటే అసలేంటి?

ముందు చెరువు దగ్గరికి వెళ్దాం

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో ఏ చెరువు గట్టున ఆగినా సరే, ఒకేసారి రెండు రాళ్లు కాస్త ఎడంగా వేసి చూడండి. రెండు వలయాలు పెరుగుతూ వచ్చి ఒకదాన్నొకటి దాటుతాయి. కొన్ని చోట్ల నీరు రెట్టింపు ఎగురుతుంది, కొన్ని చోట్ల అసలు కదలదు. ఒక అల పైకి లేపే సమయానికి రెండోది కిందకి లాగుతుంది కాబట్టి అక్కడ లెక్క సున్నా. దీన్నే వ్యతికరణం అంటారు.

కాంతి కూడా ఇలాగే చేస్తుందని ఇంగ్లండ్‌కి చెందిన థామస్ యంగ్ 1800ల మొదట్లో చూపించాడు. తమాషా ఏంటంటే, 1803లో ఆయన వివరించిన ప్రయోగంలో రెండు చీలికలు లేవు. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వచ్చే ఎండకి ఎదురుగా ఒక సన్నటి కాగితపు ముక్కను నిలువుగా పెట్టాడు. దానికి రెండు పక్కల నుంచీ వెళ్లిన కాంతి వెనకాల కలిసి చారలు వేసింది.

ఇది ఇంట్లోనూ చేయొచ్చు. కాగితం బదులు ఒక తల వెంట్రుక, ఎండ బదులు ఎర్ర లేజర్ పాయింటర్ చాలు. వెంట్రుకని నిలువుగా బిగించి లేజర్ దాని మీద పడేలా పెడితే, 3 మీటర్ల దూరంలోని గోడ మీద అడ్డంగా వరుస చుక్కలు, మధ్యలో చీకటి ఖాళీలు కనిపిస్తాయి. వెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్లు, లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు అనుకుంటే ఆ ఖాళీల మధ్య దూరం దాదాపు 2.8 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి, లెక్క తిరగేస్తే వెంట్రుక మందమే తెలిసిపోతుంది. (లేజర్‌ని కళ్లలోకి మాత్రం పొరపాటున కూడా కొట్టొద్దు.)

ఒక్కొక్కటిగా పంపితే?

ఇక్కడి దాకా వింతేం లేదు. అల కాబట్టి చారలు వచ్చాయి. 1909లో జి.ఐ.టేలర్ అనే కుర్రాడు కాంతిని ఎంత మసకబార్చాడంటే, ఒక సూది నీడని ఫొటో తీయడానికి దాదాపు 2,000 గంటలు పట్టింది. అంటే మూడు నెలలు! అయినా చారలు చెక్కుచెదరలేదు.

1989లో జపాన్‌లో హిటాచీ శాస్త్రవేత్త అకిరా తొనొమురా బృందం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా వదిలి వీడియో తీసింది. అక్కడా చీలికలు లేవు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని తీగ ఉంది. తెర మీద మొదట అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. వాన మొదలైనప్పుడు వాకిట్లో పడే చినుకుల్లా ఏ లెక్కా కనిపించదు. వేల చుక్కలు పడ్డాక మాత్రం చారలు తేలాయి. ఎలక్ట్రాన్ పడటం చుక్కలాగే పడుతుంది. ఎక్కడ పడే అవకాశం ఎక్కువ అన్నది మాత్రం అల లెక్క చెబుతుంది. ఒక ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌ని ఢీకొట్టి చారలు వచ్చాయనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ సమయంలో దారిలో రెండోది లేదు.

నిజంగానే రెండు చీలికలు పెట్టి, ఒకటి మూసి, రెండోది మూసి, తర్వాత రెండూ తెరిచి చూసిన ప్రయోగం 2013లో అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీలో జరిగింది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మగా ఎన్నో ఏళ్ల నుంచి ఉన్నదే, చేసి చూపించడానికి అంతకాలం పట్టింది.

ఇంతకీ 'చూసేది' ఎవరు?

వైరల్ వీడియోలు తప్పటడుగు వేసేది ఇక్కడే. పైన చెప్పిన వెంట్రుక ప్రయోగానికే చిన్న మార్పు చేద్దాం. వెంట్రుకకి ఎడమ పక్క ఒక పోలరైజర్ పొర నిలువుగా, కుడి పక్క ఇంకోటి అడ్డంగా పెట్టాలి. ఇప్పుడు ఎడమ నుంచి వెళ్లిన కాంతికి 'నిలువు' గుర్తు, కుడి నుంచి వెళ్లినదానికి 'అడ్డం' గుర్తు పడింది. రెండు దారుల కాంతి కలిసినా చారలు పోతాయి! ఆ గుర్తుని ఎవరూ చదవలేదు. మనం గదిలోంచి బయటికి వెళ్లిపోయినా చారలు రావు. ఇప్పుడు గోడకి ముందు మూడో పొరని ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పెట్టండి. ఎడమ, కుడి గుర్తులు రెండూ చెరిగిపోయి చారలు మళ్లీ వస్తాయి. 'క్వాంటమ్ ఎరేజర్' అని పెద్ద పేరు పెట్టి చెప్పేదాని అసలు కిటుకు ఇదే.

కాంతి కణంలో ఇలాంటి గుర్తు ఉంటుందని నమ్మడానికి ఆధారం చూపించినవాళ్లలో మన తెలుగువాడూ ఉన్నాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1931లో సి.వి.రామన్‌తో కలిసి ఫోటాన్‌కి స్పిన్ ఉందని ప్రయోగం ద్వారా నిరూపించారు. కాంతి పోలరైజేషన్‌కి మూలం ఆ స్పిన్నే.

'ఎలక్ట్రాన్‌ని చూడాలంటే దాని మీద ఏదో ఒకటి కొట్టాలి, ఆ దెబ్బకి అది చెదిరిపోతుంది, అంతే' అనే వివరణ కూడా వినిపిస్తుంటుంది. అది సగం నిజమే. 1998లో జర్మనీలో గెర్హార్డ్ రెంపె బృందం చల్లబరిచిన అణువులతో ఇదే ప్రయోగం చేసింది. ఏ దారిన వెళ్లిందన్న సమాచారం అణువు లోపలి స్థితిలోనే నమోదయ్యేలా ఏర్పాటు చేశారు. దారిలో తగిలిన దెబ్బ లెక్కలోకి రానంత చిన్నది. అయినా చారలు మాయం!

అన్నిటికంటే ఆలోచింపజేసేది వియన్నాలో 2004లో జరిగింది. 70 కార్బన్ అణువులున్న బంతి లాంటి సి-70 అణుసముదాయాలని లేజర్‌తో వేడెక్కించి పంపారు. వేడెక్కిన ఇనుప కమ్మీ ఎర్రగా వెలిగినట్టే అవీ ప్రయాణంలో కాంతిని వదులుతాయి. ఆ కాంతి 'నేను ఇక్కడి నుంచి బయల్దేరా' అన్న కబురు మోసుకెళ్తుంది. వేడి పెంచిన కొద్దీ చారలు మెల్లమెల్లగా చెరిగిపోయాయి. చూసే మనిషి లేడు, కెమెరా లేదు. దారి సమాచారం కాస్త బయటికి పొక్కితే చారలు కాస్త మసకబారతాయి, పూర్తిగా పొక్కితే పూర్తిగా పోతాయి. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మారేది కాదు ఇది.

ఇదే విషయంపై 1927లో ఐన్‌స్టీన్, నీల్స్ బోర్ గట్టిగా వాదించుకున్నారు. దారి తెలుసుకుంటూనే చారలూ చూడొచ్చని ఐన్‌స్టీన్ పట్టు. రెండూ కలిపి దక్కవని బోర్ మాట. 2025లో ఎంఐటీలో వోల్ఫ్‌గాంగ్ కెటర్లే బృందం ఒక్కో అణువునే ఒక్కో చీలికగా వాడి పరీక్షించింది. బోర్‌దే పైచేయి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అవకాశాల లెక్క నుంచి ఒక్క చుక్క ఎలా ఖాయమవుతుంది అనే చర్చ భౌతికశాస్త్రంలో ఇంకా తెగలేదు. కానీ ఆ ఖాళీలో 'మీ మనసే కారణం' అని రాసుకోవడానికి ఈ ప్రయోగాలేవీ సంతకం పెట్టలేదు.

గతాన్ని మార్చేసిందా?

ఇంకో రకం వీడియోలు 'ఇప్పుడు తీసుకున్న నిర్ణయం గతాన్ని మార్చింది' అంటాయి. ఆ మాటకి మూలం 1999లో అమెరికాలో చేసిన ప్రయోగం. జంట ఫోటాన్లలో ఒకటి తెర వైపు వెళ్తుంది. రెండోది ఆలస్యంగా వేరే డిటెక్టర్లని చేరుతుంది. దారి గుర్తు ఉంచాలా, చెరపాలా అన్నది ఆ రెండోదాని దగ్గర తేలుతుంది.

వీడియోలు దాచేది ఏంటంటే, తెర మీద పడ్డ మొత్తం చుక్కలని చూస్తే చారలు ఎప్పుడూ కనిపించవు. రెండో ఫోటాన్ల రికార్డు తెచ్చుకుని, దాని ప్రకారం చుక్కల్ని విడదీసినప్పుడే ఒక గుంపులో చారలు, ఇంకో గుంపులో సరిగ్గా వాటి సందుల్లో పడే చారలు బయటపడతాయి. రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందుల్లోకి ఒకటి దిగితే ఖాళీ కనిపించదు కదా, అలాగన్నమాట. గతానికి కబురు పంపడం ఇందులో లేదు.

మూడో చీలిక.. హిందూపురం పక్కనే!

రెండు కాకుండా మూడు చీలికలు పెడితే? 2010లో ఉర్బసి సిన్హా, సహచరులు కెనడాలో ఈ పని చేశారు. మూడు చీలికల చారలు, రెండేసి చీలికల లెక్కలు కలిపితే వచ్చేదానికి సరిపోతాయా అన్నది పరీక్ష. తాము కొలవగలిగినంత మేరకి సరిపోయాయి. తర్వాత బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె బృందం ఇంకాస్త లోతుకి వెళ్లింది. ఒక చీలికలోంచి దూరి, పక్క చీలిక వైపు వంకర తిరిగి వెళ్లే దారుల ప్రభావమూ కాస్త ఉంటుందని లెక్కగట్టింది. దాన్ని కొలవడానికి కాంతికి బదులు సెంటీమీటర్ల పొడవుండే మైక్రోవేవ్‌లు వాడింది. 2018లో ఫలితం వచ్చింది. ఆ ప్రయోగం జరిగిన చోటు గౌరిబిదనూరు.. మన హిందూపురానికి పొరుగు ఊరే. పాఠ్యపుస్తకంలో 'రెండు అలల్ని కలిపేయండి' అని ఉండేది చాలా మంచి ఉజ్జాయింపే తప్ప అక్షరాలా పూర్తి నిజం కాదని అక్కడ తేలింది.

అమరావతికి దీంతో ఏం పని?

2025 మేలో ఏపీ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్-టూ పెడతామని ప్రకటించాయి. క్యూబిట్ చేసే పని కూడా రెండు చీలికల పనే. రెండు అవకాశాలనీ ఒకేసారి నడిపి, తప్పు జవాబులు చీకటి చారలో, సరైన జవాబు వెలుగు చారలో పడేలా లెక్క నడపాలి. మధ్యలో ఎక్కడైనా సమాచారం బయటికి పొక్కిందా, వియన్నాలో వేడెక్కిన సి-70కి పట్టిన గతే. లెక్క చెడిపోతుంది. ఈ యంత్రాలు వేసే తప్పులకి పెద్ద కారణాల్లో ఇదొకటి.

అందుకే ఆ చిప్‌ని అంతరిక్షంలోని శూన్యం కంటే చల్లగా, మైనస్ 273 డిగ్రీలకి వెంట్రుకవాసి దూరంలో ఉంచుతారు. అంత ఖరీదైన ఫ్రిజ్ మనిషి చూపు నుంచి దాచడానికి కాదు. దారిన పోయే ఒక్క వేడి ఫోటాన్ కూడా లోపలికి తొంగి చూడకుండా ఉండటానికి.