పసుపుపచ్చని పొట్లము

తేనీటితో బిస్కత్తు తినుట నేడు మన పల్లెలలో సయితము సామాన్యమైనది. కిళ్లీకొట్టునందును, రైలుబండిలోను, ఆసుపత్రిలో రోగి తలాపునను, చిన్నపాప బొమ్మగల పసుపుపచ్చని పార్లే పొట్లము కానవచ్చుచునే యుండును. దాని చరిత్ర పాఠకులు తెలిసికొనదగినది.

ఆంగ్లేయుల యేలుబడిలో బిస్కత్తు దొరల ఫలహారము. హంట్లీ అండ్ పామర్స్ మొదలగు సీమ కంపెనీల సరకు తగరపు డబ్బాలలో ఓడలపై దిగుమతి యగుచుండెను. సాధారణ గృహస్థునకు దాని వెల అందునది కాదు. ఆచారపరాయణులు అంగడి రొట్టెను ముట్టుటకే శంకించుచుండిరి.

ఇట్టి కాలమున, 1929లో, మోహన్‌లాల్ దయాళ్ చౌహాన్ గారు బొంబాయి శివారైన విలే పార్లేలో ఒక పాత కర్మాగారమును గొని మిఠాయిబిళ్లల తయారీ ప్రారంభించిరి. జర్మనీకి బోయి ఆ విద్య నేర్చి, యంత్రములను దెప్పించిరి. ఊరిపేరే సంస్థ పేరయ్యెను. మరి పదియేండ్లకు గ్లూకో బిస్కత్తు వెలువడెను. గోధుమపిండి, చక్కెర, నూనె, పాలపొడి దీనికి ముఖ్యమైన సంభారములు. కాల్చుటలో తేమ హరించుటచే నెలల తరబడి చెడదు. సీమసరకుకంటె చౌకయగుటచే సామాన్యుని చేతికి వచ్చెను.

1947లో దేశవిభజనముతో గోధుమ పండు విశాలభూములు పాకిస్తానులో జేరెను. గోధుమల కొరతచే బిస్కత్తుల తయారీకి అంతరాయము గలుగగా, పరిస్థితి చక్కబడువరకు యవల బిస్కత్తులను వాడుడని సంస్థ ప్రకటనల మూలమున ప్రజలను గోరెను. తరువాత పలు కంపెనీలు గ్లూకోజు పేరుతో బిస్కత్తులను విక్రయింప మొదలిడెను. అది యెవరికిని సొంతముగాని సామాన్యపదము. అందుచే 1980ల తొలినాళ్లలో మన బిస్కత్తు 'పార్లే-జి' యయ్యెను. 2013 నాటికి దీని సాలీనా విక్రయము 5,000 కోట్ల రూపాయలను మించెను. తొలి కర్మాగారము మాత్రము 2016లో మూతబడెను.

స్వదేశీ పరిశ్రమ యింత యెదుగుట మనకు సంతోషకరమే. కాని ఒక్కమాట చెప్పక తప్పదు. 1994 మొదలు సుమారు పాతికేండ్లు చిన్న పొట్లము వెల నాలుగు రూపాయలే. వెల నిలిచెనుగాని తూకము నిలువలేదు. నూరు గ్రాముల పొట్లము క్రమముగా చిక్కి దాదాపు సగమయ్యెను. గోధుమ, చక్కెర, నూనెల ధరలు పెరిగిన మాట నిజమే. పొట్లముపై తూకము అచ్చువేయుచున్న మాటయు నిజమే. అయినను, ఆ చిన్న అక్షరములు చదువలేని కూలివాడు వెలనే చూచి కొనును. తగ్గించినపుడు ఆ సంగతి పెద్ద అక్షరములతో దెలుపుట వర్తకధర్మము. ఇది ఈ యొక్క సంస్థకే గాదు, ఈ మార్గమున నడచు వర్తకులందరికిని వర్తించును.

2020లో దేశమంతయు స్తంభించినపుడు కాలినడకను స్వగ్రామములకు బోవు కూలీలకు బిస్కత్తు పొట్లమే పలుతావుల ఆధారమయ్యెను. ఆకలివేళ అది ఆదుకొనును. కాని పిండియు చక్కెరయు ప్రధానమైన యీ పదార్థము పసిబిడ్డలకు పప్పన్నమునకు మారు కాజాలదు. తల్లులు దీనిని గుర్తెరుగవలెను.

మన సున్నుండలు, అరిసెలు రుచికి దేనికిని తీసిపోవు. అయినను బిస్కత్తు గెలిచినది. శుచి, ఒకే కొలత, చౌకవెల, నిలువయుండు గుణము, ప్రతి యంగడికి జేరవేయు ఏర్పాటు, ఇవియే ఆ విజయమునకు గారణములు. రాగులును జొన్నలును మన చేలలోనే పండుచున్నవి. మూలధనముగల భూస్వాములును పట్టణ వర్తకులును చేయి గలిపినచో, ఆ ధాన్యముతో మేలైన చిరుతిండిని నిండు తూకముతో నిరుపేద కందింప లేరా? విలే పార్లేలో ఒక పాత కర్మాగారముతో మొదలైన పని మనకు అసాధ్యము కానేరదు.