గంజిలోంచి పుట్టిన గిన్నె

ఆపరేషన్ అనగానే చాలామంది మొదట అడిగే ప్రశ్న ఒకటే: “మత్తిస్తే మళ్ళీ లేస్తానా, డాక్టరుగారూ?” కత్తి కంటె మత్తుకే ఎక్కువ భయపడేవారున్నారు. ఆ భయాన్ని కొంత తగ్గించే సంగతి ఒకటి ఈ వారం మీకు చెబుతాను. ఇది కంటికి కనిపించని ఒక గిన్నె కథ.

1891లో ఫ్రాన్స్ దేశపు శాస్త్రజ్ఞుడు విలియర్ పిండిపదార్థాన్ని సూక్ష్మజీవుల చేత పులియబెట్టి చూశాడు. అందులో కొత్తరకం స్ఫటికాలు దొరికాయి. వాటినే ఇప్పుడు సైక్లోడెక్స్ట్రిన్లు అంటున్నాం. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డట్టు ఇందులో గ్లూకోజ్ అణువులు వలయం కడతాయి. ఆరు చేరితే ఆల్ఫా, ఏడు చేరితే బీటా, ఎనిమిది చేరితే గామా. చూడటానికి అడుగు తీసేసిన గిన్నెలా వుంటుంది.

అలాగని గంజి తాగితే ఈ గిన్నెలు ఒంట్లోకి వస్తాయనుకోకండి. ప్రత్యేకమైన ఎంజైము పనిచేస్తేనే ఇవి తయారవుతాయి.

రంగు చెప్పిన రహస్యం

ఈ గిన్నె వెలుపలి భాగానికి నీళ్ళంటే ఇష్టం. లోపలి భాగానికి అంతగా పడదు. కొంచెం జిడ్డు స్వభావం. నీళ్ళతో పొసగని అణువేదైనా సరిపడే కొలతలో వుంటే, గిన్నెలోని నీటిని బయటికి నెట్టి తాను చేరి కూర్చుంటుంది. జిగురుపెట్టి అతికించినట్టు కాదు, వచ్చిన చుట్టం అరుగుమీద కూర్చున్నట్టు. అవసరమైతే లేచిపోవచ్చు.

బడిలో చదివే మీ పిల్లలకు ఫినాఫ్తలీన్ తెలిసే వుంటుంది. సబ్బునీళ్ళవంటి క్షారాలలో గులాబిరంగు తేలే పదార్థం. ఆ గులాబి నీళ్ళలో బీటా గిన్నెలు కలిపితే రంగు మాయమవుతుంది! రంగు అణువు గిన్నెలో దూరిందన్నమాట. తర్వాత గిన్నెకు ఇంకా బాగా సరిపడే మందును వేస్తే అది రంగును బయటికి తోస్తుంది. గులాబి మళ్ళీ కనిపిస్తుంది. ఏ మందు గిన్నెను ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఇలా కనిపెట్టవచ్చు.

నీళ్ళలో కరగని మందులు

ఎంత మంచి మందైనా కరగకపోతే రక్తంలోకి చేరదు. అటువంటి మందును గిన్నె మోసుకుపోయి పేగుల దగ్గర దించేస్తుంది. మందు లోపలికి పోతుంది, గిన్నె చాలావరకు పేగులోనే మిగిలిపోతుంది. 2020లో కరోనా కాలాన అందరి నోటా వినబడ్డ రెమ్‌డెసివిర్ ఇంజక్షనులో కూడా మందును కరిగించేది ఈ జాతి గిన్నే.

తామరవంటి ఫంగస్ జబ్బులకు వాడే ఇట్రాకొనజోల్ సంగతి చూడండి. ఈ మందు సాధారణ క్యాప్సూళ్ళు కడుపునిండా తిన్నాక వేసుకోవాలి. గిన్నెలో కరిగించిన ద్రావకమైతే పరగడుపున తాగాలి. మందు ఒకటే, పద్ధతి తల్లకిందులు! కనుక ఒకదానికి బదులు మరొకటి మీ అంతట మీరు మార్చుకోకండి.

మత్తు గదిలో

పెద్ద ఆపరేషన్లలో నిద్రపుచ్చే మందుతో బాటు కండరాలను సడలించే మందు కూడా యిస్తారు. రోక్యురోనియం అటువంటిది. అది ఊపిరి తీసే కండరాలను కూడా ఆపేస్తుంది. అంచేతనే ఆ సమయంలో యంత్రం ద్వారా శ్వాస ఆడిస్తారు. ఆపరేషన్ అయ్యాక దాని ప్రభావం పూర్తిగా పోకపోతే రోగి సరిగా ఊపిరి తీసుకోలేడు.

దీనికి విరుగుడుగా గామా గిన్నెనే కాస్త లోతు పెంచి మార్చారు. పేరు సుగమాడెక్స్. 2008లో ఐరోపాలోను, 2015లో అమెరికాలోను అనుమతి లభించింది. ఇది రక్తంలోని రోక్యురోనియంను ఒక గిన్నెకు ఒక అణువు చొప్పున పట్టి మూసేస్తుంది. రెండూ కలిసి మూత్రంలో పోతాయి. కొద్ది నిమిషాలలోనే కండరాలకు సత్తువ వస్తుంది. అన్ని సడలింపు మందులకూ ఇది విరుగుడు కాదు. ఏది ఎవరికి తగునో నిర్ణయించవలసింది మత్తు డాక్టరే.

మీరు గుర్తుంచుకోవలసినవి

మూత్రపిండాల జబ్బు వుంటే ముందే చెప్పండి. గిన్నె బయటికి పోయే దారి అదే. జబ్బు తీవ్రంగా వున్నవారికి సుగమాడెక్స్ సాధారణంగా వాడరు.

ఇదివరకు ఏ మందుకైనా ఒళ్ళు దద్దురెక్కడం, ఆయాసం రావడం జరిగితే దాచకండి. అరుదుగా ఈ మందుకూ తీవ్రమైన ఎలర్జీ రావచ్చు, గుండె వేగం తగ్గవచ్చు.

స్త్రీలకు ముఖ్యమైన మాట. ఈ గిన్నె గర్భనిరోధక మాత్రలలోని హార్మోనును కూడా కొంత పట్టేస్తుంది. కనుక ఈ మందు యిచ్చాక 7 రోజులపాటు నిరోధ్ వంటి మరొక పద్ధతి తప్పక పాటించాలి. హార్మోను ఇంజక్షన్లు వాడేవారికీ ఇదే సలహా. ఇంటికి వెళ్ళేముందు, “నాకు సుగమాడెక్స్ యిచ్చారా?” అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

“మళ్ళీ లేస్తానా?” అని అడిగినవారు, ఇక మీదట మత్తు డాక్టరుకు తమ మందుల చీటీ కూడా చూపిస్తే భయం సగం తగ్గుతుంది.