ఆంగ్లంలో విశేషణాల తరతమ భేదాలు

ఒక గుణం ఒక వస్తువులో మరొకదానికంటే ఎక్కువగా ఉన్నదని గాని, అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదని గాని తెలపడానికి ఆంగ్ల విశేషణం పొందే రూపభేదాలను తరతమ భేదాలు అంటారు. పాఠ్యపుస్తకాలలో వీటికి డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ అని పేరు. ఇవి మూడు. పోలిక లేని మూలరూపం పాజిటివ్ డిగ్రీ, రెండింటి మధ్య పోలిక తెలిపేది కంపారటివ్ డిగ్రీ, ఒక సమూహంలో అన్నిటికంటే మిన్న అని తెలిపేది సూపర్లేటివ్ డిగ్రీ. తారతమ్యం అనే మాట కూడా సంస్కృతంలో ఇదే పని చేసే తర, తమ అనే ప్రత్యయాల నుండి పుట్టినదే.

తెలుగుతో భేదం

కడప జిల్లాలోని 3 పట్టణాలను ఉదాహరణగా తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రొద్దుటూరు జనాభా సుమారు 1.6 లక్షలు, పులివెందుల జనాభా సుమారు 65 వేలు, జమ్మలమడుగు జనాభా సుమారు 46 వేలు.

"ప్రొద్దుటూరు పులివెందుల కంటే పెద్దది" అనే వాక్యంలో పెద్ద అనే విశేషణం ఏ మార్పూ పొందలేదు. పోలికను తెలిపేది కంటే అనే మాట. అది పులివెందుల అనే నామవాచకం పక్కన చేరింది. ఆంగ్లంలో ఇదే వాక్యం "ప్రొద్దుటూర్ ఈజ్ బిగ్గర్ దాన్ పులివెందుల" అవుతుంది. ఇక్కడ కంటేకు బదులుగా దాన్ వచ్చింది, దానితోపాటు బిగ్ కూడా బిగ్గర్‌గా మారింది. తెలుగు విద్యార్థులు చేసే తప్పులకు చాలావరకు మూలం ఇదే. దాన్ ఉంటే చాలుననుకొని "బిగ్ దాన్" అని కొందరు, ఎందుకైనా మంచిదని "మోర్ బిగ్గర్" అని మరికొందరు రాస్తారు. రెండూ తప్పులే.

కంటే అనే మాట లేని చోట చిక్కు ఇంకా ఎక్కువ. "ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలో ఏది పెద్దది?" అని అడిగితే "ప్రొద్దుటూరు పెద్దది" అంటాం. ఈ తెలుగు వాక్యంలో పోలికకు గుర్తేమీ లేదు, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఆంగ్లంలో మాత్రం ప్రశ్నలోనూ జవాబులోనూ బిగ్గర్ అనే రావాలి.

అలాగే చాలా అనే మాట (కడప ప్రాంతపు వాడుకలో శానా) తెలుగులో "చాలా పెద్దది", "దానికంటే చాలా పెద్దది" అనే రెండు చోట్లా సరిపోతుంది. ఆంగ్లంలో మొదటిది "వెరీ బిగ్", రెండవది "మచ్ బిగ్గర్". "వెరీ బిగ్గర్" అనే ప్రయోగం లేదు.

రూపాలు

ఒకే అక్షరంగా పలికే చిన్న విశేషణాలకు చివర ఇఆర్, ఇఎస్‌టి చేరుతాయి: టాల్, టాలర్, టాలెస్ట్. బిగ్, హాట్ వంటి వాటిలో చివరి హల్లును రాతలో రెట్టించాలి. పెద్ద పదాలకు ముందు మోర్, మోస్ట్ వస్తాయి: బ్యూటిఫుల్, మోర్ బ్యూటిఫుల్, మోస్ట్ బ్యూటిఫుల్. రెండు అక్షరాల పదాలలో హ్యాపీ వంటి వై అక్షరంతో ముగిసేవి హ్యాపియర్, హ్యాపియెస్ట్ అవుతాయి. సింపుల్, క్వైట్ వంటివి రెండు విధాలా వాడుకలో ఉన్నాయి. గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. లిటిల్, లెస్, లీస్ట్ మొదలైనవాటిని కంఠస్థం చేయవలసిందే.

ఇఎస్‌టి ప్రత్యయం తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. సంస్కృతంలోని ఇష్ఠ ప్రత్యయం, ఇది ఒకే మూలం నుండి వచ్చినవి. గరిష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ, జ్యేష్ఠ అనే పదాలలో ఉన్నది అదే. తెలుగు ద్రావిడ భాష కనుక దానికి సొంతంగా ఇటువంటి ప్రత్యయం లేదు, పదాలను మాత్రం సంస్కృతం నుండి తీసుకున్నది. వాతావరణ వార్తలలో "గరిష్ఠ ఉష్ణోగ్రత" అన్నప్పుడు అత్యధికం అనే అర్థం అందులోనే ఉన్నది. దానిముందు అత్యంత అని చేర్చడం ఆంగ్లంలో "మోస్ట్ హైయెస్ట్" అనడం వంటిదే. అయితే షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఇటువంటి జంటరూపం ఉన్నది. ఆ కాలంలో దానిని తప్పుగా ఎంచేవారు కాదు. నేటి పరీక్షలో ఆ వాదన చెల్లదు.

సూపర్లేటివ్, దాని పరిధి

సూపర్లేటివ్ ముందు సాధారణంగా ది వస్తుంది. ఏ సమూహంలో మిన్న అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. తెలుగులో "మూడింటిలో", "జిల్లాలో" అని రెండింటికీ లో అనే విభక్తే చాలు. ఆంగ్లంలో పోల్చే వస్తువులను చెబితే ఆఫ్, స్థలాన్ని చెబితే ఇన్ వాడతారు. "ప్రొద్దుటూర్ ఈజ్ ది బిగ్గెస్ట్ ఆఫ్ ది త్రీ టౌన్స్" అనేది నిజం. అదే వాక్యం చివర "ఇన్ ది డిస్ట్రిక్ట్" అని రాస్తే వ్యాకరణం సరిగానే ఉన్నా విషయం అబద్ధమవుతుంది, ఎందుకంటే 2011లో కడప నగర జనాభా 3.4 లక్షలకు పైనే. "వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ టౌన్స్ ఇన్ ది డిస్ట్రిక్ట్" అంటే ఇబ్బంది లేదు; అక్కడ టౌన్స్ అని బహువచనం తప్పనిసరి.

కడప గురించి కంపారటివ్‌లో చెప్పేటప్పుడు "బిగ్గర్ దాన్ ఎనీ అదర్ టౌన్ ఇన్ ది డిస్ట్రిక్ట్" అనాలి. అదర్ వదిలేస్తే కడప తనకంటే తానే పెద్దదన్న అర్థం వస్తుంది. మూలరూపంతోనూ పోలిక చెప్పవచ్చు: "జమ్మలమడుగు ప్రొద్దుటూరంత పెద్దది కాదు" అనేది "జమ్మలమడుగు ఈజ్ నాట్ యాజ్ బిగ్ యాజ్ ప్రొద్దుటూర్" అవుతుంది. ఇందులో తెలుగు అంత చేసే పనిని రెండు యాజ్‌లు చేస్తాయి.

కంటేకు దాన్ రాని సందర్భాలు

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనే లాటిన్ పదాల తరువాత దాన్ కాక టు వస్తుంది. ఎల్డర్ తరువాత దాన్ రాదు. "నాకంటే పెద్దవాడు" అనడానికి ఓల్డర్ వాడాలి. అన్న, అక్క అనే ఒక్కొక్క మాటలో తెలుగు చెప్పే వయోభేదాన్ని ఆంగ్లం ఎల్డర్ బ్రదర్, ఎల్డర్ సిస్టర్ అని రెండు మాటలలో చెబుతుంది.